గోమార్లు కుక్క మీద కన్నా గోడల్లోనే ఎక్కువ

ప్రశ్న: డాక్టరు గారూ, మాది హనుమకొండ. ఇంట్లో మూడున్నరేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు బంటి. ఏడాది వయసున్న ఆడపిల్లి కూడా ఉంది. ఏటా శివరాత్రి దాటిందంటే చాలు, బంటికి గోమార్లు (పిడుదులు) పట్టుకుంటాయి. పోయినేడు అలాగే పట్టి, జ్వరం వచ్చి, ముక్కులోంచి రక్తం కారింది. బతుకుతుందో లేదోనని అందరం టెన్షన్ పడ్డాం. ఐదు రోజులు మాత్రలు వేస్తే లేచి అన్నం తిన్నది, ఇక ఆపేశాం. ఇప్పుడు మళ్లీ చెవుల్లో కనబడుతున్నాయి. మా అత్తమ్మ కిరోసిన్ రుద్దమంటున్నారు. పక్కింటాయన బర్రెలకు వాడే మందు నీళ్లలో కలిపి పోయమంటున్నారు. ఆ మందు పిల్లికి కూడా రాయొచ్చా? అది రాత్రంతా ఒకటే అరుపు, ఏం బాధో తెలియడం లేదు. హోలీ, ఉగాది వస్తున్నాయి, ఇల్లు చుట్టాలతో, పిల్లలతో నిండిపోతుంది. ఎండలు ముదిరేలోపు వీటి విషయంలో ఏమేం చూసుకోవాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: కిరోసిన్ వద్దు, బర్రెల మందూ వద్దు. ముందు ఈ రెండూ పక్కన పెట్టేయండి.

మీ అత్తమ్మగారిని తప్పు పట్టను. వెనకటికి ఊళ్లలో వేరే మందు దొరకక అదే రుద్దేవారు. కానీ కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. మంట పుట్టగానే కుక్క అక్కడ నాకుతుంది, కడుపులో తిప్పి కక్కుతుంది, కక్కేటప్పుడు నాలుగు చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. బర్రెల మందు సీసాల్లో ఎక్కువగా ఎమిట్రాజ్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి ఉంటాయి. వీటిలో కొన్నింటిని మేమూ కుక్కలకు వాడతాం, కాదనను. అయితే లీటరు నీళ్లకు ఎంత కలపాలన్నది మందు గాఢతను బట్టి, జంతువును బట్టి మారుతుంది. 'ఒక మూతెడు పోయండి, ఏం కాదు' అనే లెక్కతో ఒళ్లంతా తడిపితే కుక్క వణుకుతూ, సొంగ కారుస్తూ మత్తుగా పడిపోవచ్చు. పిల్లికి మాత్రం చుక్క కూడా తగలకూడదు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన వాక్యం అదే, దాని గురించి కాసేపట్లో చెబుతాను.

మీరు ఏటా బంటి ఒంటి మీద గోమార్లు ఏరుతున్నారు, ఏటా అవి మళ్లీ వస్తున్నాయి. ఎందుకంటే అవి ఎక్కువ కాలం ఉండేది కుక్క మీద కాదు. మన దగ్గర కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి గుడ్డులోంచి బయటపడ్డాక మూడు దశల్లో పెరుగుతుంది. ప్రతి దశలోనూ కుక్క ఎక్కి కొన్ని రోజులు రక్తం తాగడం, కింద రాలడం, ఎక్కడో దాక్కుని ఒళ్లు విడవడం, మళ్లీ ఎక్కడం. ఆడది చివరిసారి కడుపు నిండా తాగి ఆముదపు గింజంత ఉబ్బి రాలిపోతుంది. రాలిపోయింది కదా అని మనం సంతోషిస్తాం. అది పాక్కుంటూ వెళ్లి గోడ నెర్రెలోనో, దర్వాజా చట్రం సందులోనో వేల గుడ్లు పెట్టి చస్తుంది. ఈ జాతికి పైకి పాకే గుణం ఉంది. అందుకే మనం నేల కడిగి వదిలేస్తాం, అవి కర్టెన్ మడతల్లో, స్విచ్ బోర్డు వెనక, పైకప్పు అంచున కూర్చుని ఉంటాయి. పెరిగిన గోమారి తిండి లేకుండా నెలల తరబడి బతకగలదు. చలికాలంలో మందకొడిగా ఉండి, శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే కదలిక మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ వాటి తరాలు తొందరగా తిరుగుతాయి. ఇప్పుడు నాలుగు కనబడుతున్నాయంటే ఏప్రిల్, మే నెలల్లో నాలుగు వందలు కనబడతాయని అర్థం.

ఈ పని ఉగాది ముందు పెట్టుకోవడమే తెలివి. ఎలాగూ పండక్కి ఇల్లు దులుపుతారు, సున్నాలో పెయింటో వేయిస్తారు. ఈసారి ఆ దులుపుడు బంటి పడుకునే చోటు నుంచి మొదలుపెట్టండి. అది ఆనుకుని పడుకునే గోడను టార్చిలైటు వేసి నడుము ఎత్తు దాకా చూడండి. సిమెంటు ఊడిన చోట, ఫ్లోరింగుకూ గోడకూ మధ్య సందులో, తలుపు చట్రం పక్కన చిన్న చిన్న గోధుమ చుక్కలు కనబడతాయి. ముందు పురుగుల మందు కొట్టించి, అది ఆరాక ఆ నెర్రెలన్నీ సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్పించండి. పురుగుల మందు వాళ్లని పిలిస్తే ఇంట్లో పిల్లి ఉందని ముందే చెప్పండి. మందు పూర్తిగా ఆరేదాకా జంతువులు రెండూ, పసిపిల్లలూ ఆ గదుల్లోకి రాకూడదు. మందు గుడ్లను చంపదు కాబట్టి ఒకసారి కొట్టించి ఊరుకుంటే లాభం లేదు, రెండు మూడు వారాల తేడాతో మళ్లీ కొట్టించాలి. తడి సున్నం కుక్క పాదాలను కాలుస్తుంది, అది ఆరేదాకా కూడా బంటిని అటు రానివ్వకండి. దాని పరుపు పాతదైతే పారేయండి, లేదంటే మరిగే నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. గోనెసంచి మీద పడుకోబెట్టే అలవాటు ఉంటే మానండి. గోమారి గుడ్లు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఒంటి మీద ఉన్నవాటిని రోజూ సాయంత్రం తీయాలి. బంటిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వేళ్ల కొసలతో వెంట్రుకలకు ఎదురుగా నిమురుతూ వెళ్లండి. చెవి వెనక్కి మడిచి లోపలి మడతలు చూడండి. తర్వాత బెల్టు తీసి మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో, తోక కింద. అందరూ మరిచిపోయేది పాదాలే. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి మధ్యలో చూస్తే, గసగసాలంత పిల్లపురుగులు గుంపుగా అతుక్కుని ఉంటాయి. సన్నటి చిన్న పట్టకారును (ట్వీజర్) చర్మానికి ఆనించి, పురుగు తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిలువుగా నెమ్మదిగా లాగండి. తీసినదాన్ని స్పిరిట్‌లోనో చిక్కటి సబ్బు నీళ్లలోనో వేయండి. గోటితో చిదమొద్దు, పిల్లల్ని చిదమనివ్వొద్దు. ఈ గోమారి మనుషుల్ని కుట్టడం తక్కువే అయినా, దాని ద్వారా మనుషులకు సోకే మచ్చల జ్వరం ఒకటి ఉంది. అగరొత్తితో కాల్చడం, కర్పూరం కలిపిన కొబ్బరినూనె పట్టించడం కూడా వద్దు. కర్పూరం నాకితే కుక్కలకు ఫిట్స్ రావచ్చు. వేపాకు నీళ్ల స్నానంతో నష్టం లేదు కానీ దాంతో గోమార్లు పోతాయని నమ్మి కూర్చోకండి.

ఏరడం ఒక్కటే సరిపోదు, మందు కావాలి. ఫ్లూరాలనర్, అఫోక్సోలనర్ లాంటి నమిలే మాత్రలు కొన్నేళ్లుగా మన మెడికల్ షాపుల్లో కూడా దొరుకుతున్నాయి. మొదటిది దాదాపు 3 నెలలు, రెండోది నెల పనిచేస్తుంది. మాత్ర కుక్క బరువును బట్టి ఉంటుంది కాబట్టి బంటిని తూకం వేయించి డాక్టరు రాసిందే కొనండి. దానికి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి. ఈ మాత్రలు వేశాక కూడా గోమార్లు ఎక్కుతాయి, కుట్టి రక్తం తాగాకే చస్తాయి. 'ఇంత డబ్బు పోసి మాత్ర వేశాం, అయినా ఒంటి మీద కనబడుతున్నాయి' అని చాలామంది కోపంగా వస్తారు. కనబడేవి కదలకుండా ఎండిపోయి ఉంటే మందు పనిచేస్తున్నట్టే. గేదెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వద్దనండి. గోమార్లకు అది నమ్మదగ్గ మందు కాదు, కోలీ లాంటి కొన్ని జాతులకు ప్రాణం మీదికి తెస్తుంది.

ఇప్పుడు పోయినేటి జ్వరం సంగతి. ముక్కులోంచి రక్తం కారిందంటే అది ఎర్లీకియా అనే టిక్ ఫీవర్, అంటే గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం, కావడానికి అవకాశం ఎక్కువ. అందులో రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. దానికి డాక్సీసైక్లిన్ మాత్ర సాధారణంగా 28 రోజులు వాడతాం. మూడో రోజుకే జ్వరం దిగి కుక్క ఆకలిగా తింటుంది, చాలా ఇళ్లల్లో మాత్రలు అక్కడితో ఆగిపోతాయి. లోపల క్రిమి మాత్రం పూర్తిగా చావదు. నెలల తరబడి నక్కి ఉండి, ఎముక మజ్జను దెబ్బతీసే దశకు వెళ్తే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా లాభం ఉండకపోవచ్చు. బంటికి అలా జరిగిందని నేను ఇక్కడి నుంచి చెప్పలేను, కానీ ఐదు రోజులకే ఆపేశారు కాబట్టి ఇప్పుడు హుషారుగా ఉన్నా ఒకసారి రక్తపరీక్ష చేయించాల్సిందే. ప్లేట్‌లెట్ల లెక్కతో పాటు టిక్ ఫీవర్ పరీక్ష కూడా అడగండి. మీకు మామునూరులో పశువైద్య కళాశాల దగ్గరే, లేదా మీరు ఎప్పుడూ వెళ్లే ఆసుపత్రిలోనైనా సరే.

ఈ నెలల్లో బంటి ఒక పూట తిండి మానేస్తే ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూడకండి, దాంతో జ్వరం తెలియదు. ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటరు దానికోసమే పెట్టండి. కొసకు కాస్త వ్యాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మనకైతే అది జ్వరమే, దానికి మామూలు. 103 దాటితే ఆలోచించాలి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయినా, పొట్ట మీద ఎర్రటి చుక్కలు వచ్చినా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోసినా తెల్లవారేదాకా ఆగొద్దు. కాఫీ రంగు మూత్రం బబేసియా అనే ఇంకో టిక్ ఫీవర్ లక్షణం, దాని మందులు వేరు. పోయినేడు మిగిలిన మాత్రలు దానికి పనికిరావు.

జ్వరమని పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటివి మీ మందుల డబ్బాలోంచి తీసి వేయకండి. కుక్కకే ప్రమాదం. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, చచ్చిపోతుంది.

పిల్లి దగ్గరికి వస్తే, పిల్లిని చిన్న కుక్క అనుకోవడమే అసలు తప్పు. విషపదార్థాలను విడగొట్టి బయటికి పంపే పనుల్లో కొన్ని పిల్లి కాలేయానికి చేతకావు. పర్‌మెత్రిన్ అనే మందు కుక్క వీపు మీద వేస్తే కుక్కకు ఏమీ కాదు. అదే పిల్లి మీద పడితే గంటల్లో చెవులు, మూతి అదరడం మొదలై, ఒళ్లంతా వణికి, ఫిట్స్ వస్తాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కూడా ఆ కుటుంబంవే. ఎమిట్రాజ్ కూడా పిల్లికి పడదు. అంతెందుకు, బంటికి అలాంటి మందు వేసిన రోజున పిల్లి దాన్ని ఆనుకుని పడుకున్నా, దాని ఒళ్లు నాకినా చాలు. కాబట్టి మందు ఆరేదాకా రెండింటినీ వేరు గదుల్లో ఉంచండి. పిల్లికి మందు కావాలంటే డబ్బా మీద పిల్లి బొమ్మ, పిల్లి బరువు రాసి ఉన్నదే తీసుకోండి. నేల తుడిచే ఫినాయిల్ కూడా పిల్లి శత్రువుల్లో ఒకటి. తడి నేల మీద నడిచి, తర్వాత కూర్చుని పాదాలు శుభ్రంగా నాక్కుంటుంది కదా. మామూలు సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాకే లోపలికి రానివ్వండి. పొరపాటున ఏదైనా మందు ఒంటి మీద పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగేసి, ఆ డబ్బా చేత పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

పండగల గురించి అడిగారు. హోలీకి చెప్పేది ఎక్కువ లేదు. ఆ పూట రెండింటినీ లోపలి గదిలో ఉంచండి, పిల్లలకు గట్టిగా చెప్పండి. రంగు పడితే ముందు పొడిగా దులిపి, తర్వాత కుక్కల షాంపూతో కడగండి. రంగు పోవడానికి పెట్రోలు, కిరోసిన్ రాసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తెలియదు.

ఉగాదికి మాత్రం వంటింటి మీద కన్నేయాలి. ఈ కాలమంతా ద్రాక్ష బళ్లు వీధుల్లో తిరుగుతుంటాయి. కొన్ని కుక్కలకు ద్రాక్షపళ్లు, ఎండుద్రాక్ష తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏ కుక్కకు పడదో ముందు తెలియదు, ఎన్ని తింటే ప్రమాదమో కూడా కచ్చితమైన లెక్క లేదు. పోయినసారి తిన్నా ఏం కాలేదు అన్న మాట ఇక్కడ చెల్లదు. దీనికి కారణం ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం అని కొన్నేళ్లుగా పశువైద్యులు బలంగా అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంది. మన ఉగాది పచ్చడి కొత్త చింతపండు పులుసే కదా. మీ వైపు కుండలో పలచగా కలిపి గ్లాసుల్లో పోస్తారు కాబట్టి పిల్లలు సరదాకి కుక్క గిన్నెలో కూడా పోసే ప్రమాదం ఉంది. పోయనివ్వకండి. పులిహోర కూడా పెట్టకండి. బక్షాలు ఒక ముక్క తింటే చావదు కానీ, చుట్టాలు తలా ఒకటి, నెయ్యి కారుతుండగా పెడితే సాయంత్రానికి వాంతులు, క్లోమం వాపు. ఎండుద్రాక్ష వేసిన పాయసం అసలే వద్దు. పండగ పూట దానికీ ఏదైనా పెట్టాలనిపిస్తే ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి ముక్కలు, కాస్త పెరుగన్నం చాలు. అది మీ కంటే ఆనందంగా తింటుంది.

లాబ్రడార్ కాబట్టి ఇంకో మాట. మామిడికాయలు మొదలయ్యాక టెంకలు చెత్తబుట్టలో పైపైన వేయకండి. ఈ జాతి కుక్క నమలడం కంటే మింగడం ఎక్కువ. మింగిన టెంక పేగుకు అడ్డం పడితే ఆపరేషన్ చేసి తీయాల్సిందే. తిన్నది తిన్నట్టు పదేపదే కక్కుతూ, దొడ్డికి పోకుండా ఉంటే టెంక సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. పెరట్లో గన్నేరు, కుండీల్లో సైకస్ మొక్క ఉంటే వాటి దగ్గరికి రెండింటినీ పోనివ్వకండి. రెండూ విషమే. లిల్లీ పూల గుచ్ఛం ఎవరైనా తెస్తే ఇంట్లోకి తీసుకోకండి, ఆ పుప్పొడి ఒంటికి అంటుకుని నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి. మన మార్కెట్లో దండల్లో కట్టే లిల్లీ వేరు మొక్క, నేను చెప్పేది బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీల గురించి.

ఎండ సంగతి. పేరుకు వసంతం కానీ మన దగ్గర మార్చి దాటేలోపే 38, 39 డిగ్రీలు వచ్చేస్తాయి. కుక్కకు ఒంటినిండా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని కూలర్. బంటిని పొద్దున ఏడు లోపు, సాయంత్రం చీకటి పడ్డాక తిప్పండి. రోడ్డు మీద మీ అరచేతి వెనక వైపు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద దాన్ని నడిపించొద్దు. ఎండాకాలం కదా అని గుండు గీయించకండి. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు ఉంటుంది, అది ఎండ నుంచి కూడా కాపాడుతుంది. ఇప్పుడు లోపలి పొర ఊడి ఇల్లంతా వెంట్రుకలు కనబడతాయి, రోజూ దువ్వితే చాలు. మచ్చలు మచ్చలుగా ఊడి అక్కడ గోక్కుంటుంటేనే చూపించాలి. ఎండదెబ్బ తగిలి ఆగకుండా ఒగరుస్తూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతుంటే మామూలు నీళ్లు ఒంటి మీద పోస్తూ ఫ్యాను కింద పెట్టండి. తడి టవల్ కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. నీళ్లు పోస్తూనే బండి తీయించండి. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లోపల దెబ్బ తిన్న అవయవాల సంగతి మరుసటి రోజు కానీ బయటపడదు.

చివరికి మీ పిల్లి అరుపు. అది చాలావరకు బాధ కాకపోవచ్చు, ఎద. పగటి పొద్దు పెరిగేకొద్దీ ఆడపిల్లులు ఎదకు వస్తాయి, అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రుళ్లు ఈ కచేరీ. నేల మీద దొర్లడం, వీపు నిమిరితే వెనక భాగం పైకెత్తడం ఉంటే అదే. మూత్రం పోసే చోట పదేపదే కూర్చుని అరుస్తుంటే మాత్రం అది వేరే జబ్బు, వెంటనే చూపించండి. ఎద అయితే వారంలో తగ్గుతుంది, జత కట్టకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ మొదలవుతుంది. గర్భం రాకుండా మనుషుల మాత్రలు వేసేవాళ్లున్నారు, గర్భసంచి చీము పట్టి మా దగ్గరికి వస్తాయి. అరుపు తగ్గిన వారంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయండి. అప్పటిదాకా కిటికీలకు, బాల్కనీకి జాలీ బిగించి ఉంచండి, ఎదలో ఉన్న పిల్లికి మూడో అంతస్తు కూడా ఎత్తు కాదు. ఇప్పటికే ఒకటి రెండు రాత్రులు బయటికి పోయి వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కడుపుతో ఉంటే దాదాపు తొమ్మిది వారాలకు ఈనుతుంది, అంటే నడి ఎండాకాలంలో.

బంటి రక్తపరీక్షకు వెళ్లేటప్పుడే పిల్లిని కూడా గాలాడే బుట్టలో తీసుకెళ్లండి. రెండింటి టీకా పుస్తకాలు, పోయినేడు వాడిన మాత్రల అట్ట ఉంటే అదీ వెంట పట్టుకెళ్లండి. రేబీస్ టీకా వేసి ఏడాది దాటిందేమో అక్కడే చూస్తారు.